సగంలో ఆగిన ఈసెట్ ట్రయల్‌ను ఎందుకు నమ్మవచ్చు?

మీ సందేహాలు ఇవి: ఆగని మూర్ఛకు మూడు మందులను పోల్చిన ఈసెట్ ట్రయల్‌లో 795 మంది వరకు చేర్చుకోవాలని ప్రణాళిక ఉండగా 400 దగ్గర ఆపేశారు. పైగా ట్రయల్ నడుస్తుండగానే ఏ మందుకు ఎంతమందిని కేటాయించాలో మార్చుకున్నారు, అలా మారిస్తే పక్షపాతం చొరబడదా? అలాంటి ఫలితాన్ని ఎలా నమ్మాలి? అదే పద్ధతిలో మీ పిల్లల విభాగంలో 90 మందితో ఎండీ థీసిస్ చేయవచ్చా?

క్లినికల్ ట్రయల్స్ గణాంకాల పనిలో చాలా కాలంగా ఉన్నాను. థీసిస్ గురించి ముందే చెప్పేస్తాను: ఈ పద్ధతితో చేయవద్దు. ఈసెట్‌ను మాత్రం నిశ్చింతగా నమ్మవచ్చు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

ఫిట్స్ ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే మొదట ఇచ్చేది బెంజోడయాజెపీన్ వర్గపు మందు: లోరాజెపాం, మిడాజోలాం లేదా డయాజెపాం. ఈ మెట్టు గురించి మంచి ఆధారాలే ఉన్నాయి. 2012లో వచ్చిన రాంపార్ట్ ట్రయల్‌లో అంబులెన్సు సిబ్బంది కండరంలోకి ఇచ్చిన మిడాజోలాం వల్ల 73 శాతం మందికి ఆసుపత్రి చేరేసరికే ఫిట్స్ ఆగాయి. నరంలోకి లోరాజెపాం ఇచ్చినవారిలో అది 63 శాతం. లోరాజెపాం పనిచేయక కాదు, నరం దొరకబుచ్చుకోవడానికి పట్టే సమయమే ఆ తేడాలో ప్రధాన కారణం. అయితే సుమారు మూడో వంతు రోగులకు ఈ మొదటి మందుతో ఫిట్స్ ఆగవు. మూర్ఛ సాగేకొద్దీ మెదడు కణాల మీద ఉండి వాటి ఉద్రేకాన్ని అణచే గాబా గ్రాహకాలు లోపలికి జారుకుంటాయి. వాటి మీదే పనిచేయాల్సిన బెంజోడయాజెపీన్‌కు అక్కడ పట్టు దొరకదు. అప్పుడు రెండో మందు కావాలి.

ఆ రెండో మందు ఏది? దశాబ్దాలుగా ఫెనిటోయిన్ ఇస్తూ వచ్చారు. తర్వాత దాని మెరుగైన రూపం ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటం వరుసలో చేరాయి. ఎవరికి అలవాటైన మందు వారు ఇచ్చేవారు. మన దేశంలోనే బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు 150 మంది రోగుల మీద ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటంలను పోల్చి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కో మందుకు 50 మంది. లెవెటిరాసెటంతో 78 శాతం, మిగతా రెండింటితో 68 శాతం చొప్పున అదుపులోకి వచ్చాయి. పది శాతం తేడా చూడగానే లెవెటిరాసెటం గెలిచిందని అనిపిస్తుంది. కానీ 50 మంది చొప్పున ఉన్నప్పుడు ఆ తేడాకు అటూ ఇటూ 17 శాతం దాకా అనిశ్చితి ఉంటుంది. అంటే నిజమైన తేడా లెవెటిరాసెటానికి 27 శాతం అనుకూలంగానూ ఉండవచ్చు, 7 శాతం ప్రతికూలంగానూ ఉండవచ్చు. అది పైలట్ అధ్యయనమని రచయితలే నిజాయితీగా చెప్పారు. మీ 90 మంది థీసిస్ గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క మళ్లీ అవసరమవుతుంది.

ఈసెట్ అమెరికాలో జరిగింది. జాతీయ ఆరోగ్య సంస్థల్లోని నాడీ విభాగం నిధులిచ్చింది. 57 ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో 2015 నవంబరు నుంచి 2017 అక్టోబరు వరకు రోగులను చేర్చుకున్నారు. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జైదీప్ కపూర్ ముఖ్య పరిశోధకుల్లో ఒకరు. రెండేళ్లు దాటిన పిల్లలు మొదలుకొని వృద్ధుల వరకు, తగిన మోతాదులో బెంజోడయాజెపీన్ అందాక కూడా ఫిట్స్ ఆగనివారే అర్హులు. ఫాస్‌ఫెనిటోయిన్, వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటం అనే మూడు మందులనూ పది నిమిషాల్లో నరంలోకి ఎక్కించారు. మొదలుపెట్టిన 60 నిమిషాలకు, మరో మూర్ఛ మందు అవసరం పడకుండా, బయటికి కనిపించే ఫిట్స్ ఆగి, రోగి స్పందన మెరుగవుతూ ఉంటే సఫలమైనట్టు. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష అవసరం లేకుండా అత్యవసర విభాగంలో డాక్టరు కళ్లతో చూసి నిర్ణయించే ప్రమాణం ఇది. ఆ నిర్ణయం నాకు నచ్చింది, ఎందుకంటే అర్ధరాత్రి ఏ ఆసుపత్రిలోనైనా నిజంగా చూసేది దాన్నే.

ఇక మీ అసలు సందేహం. అడాప్టివ్ ట్రయల్ అంటే నడిపేవారు మధ్యలో తమకు తోచినట్టు మార్పులు చేసుకునే వెసులుబాటు అని చాలామంది అనుకుంటారు. నిజానికి మామూలు ట్రయల్ కంటే ఇందులో ముందుగా తేల్చుకోవాల్సినవే ఎక్కువ. ఎంతమంది చేరాక మొదటిసారి లెక్క చూడాలి, ఆ తర్వాత ఎంతమందికి ఒకసారి చూడాలి, ఏ సంఖ్య ఏ గీత దాటితే ఏం చేయాలి అన్నదంతా మొదటి రోగి చేరకముందే కాగితం మీద ఉంటుంది. ఈసెట్ రూపకర్తలు ఆ నియమాలను కంప్యూటర్‌లో ఊహాజనిత ట్రయల్స్ వేల సంఖ్యలో నడిపి పరీక్షించారు. మూడు మందులూ సమానమైతే ఈ నియమాలు ఎన్నిసార్లు తప్పుడు విజేతను ప్రకటిస్తాయి? ఒకటి 65 శాతం, మిగతా రెండూ 50 శాతం పనిచేసేవైతే ఎన్నిసార్లు దాన్ని పట్టుకుంటాయి? 795 అనే గరిష్ఠ సంఖ్య ఆ 15 శాతం తేడాను 90 శాతం సందర్భాల్లో పట్టుకునేలా వచ్చింది. ఈ రూపకల్పనను 2013లోనే, అంటే ట్రయల్ మొదలయ్యే రెండేళ్ల ముందే, పత్రికలో ప్రచురించారు. ఎవరైనా తప్పు పట్టడానికి వీలుగా అన్నమాట.

నియమాలు స్థూలంగా ఇవి. మొదటి 300 మందిని మూడు మందులకూ సమానంగా పంచాలి. అక్కడ లెక్క చూసి, బాగా పనిచేస్తున్నట్టు కనిపించే మందు వైపు తర్వాతి కేటాయింపు కొంత మొగ్గేలా నిష్పత్తి మార్చాలి. ఆ తర్వాత ప్రతి 100 మందికీ మళ్లీ చూడాలి. ఏదైనా ఒక మందు అత్యుత్తమం అనే సంభావ్యత 0.975 దాటితే విజయం ప్రకటించి ఆపవచ్చు. గరిష్ఠ సంఖ్య దాకా వెళ్లినా అత్యుత్తమమైన మందునో, అధమమైన మందునో గుర్తించే అవకాశం 5 శాతం లోపే ఉందని తేలితే, ఇక కొనసాగించి ప్రయోజనం లేదని ఆపాలి.

ఆ మొదటి 300 మంది సమాన పంపకం ఎందుకని మీరు అడగలేదు గానీ, నా దృష్టిలో ఈ రూపకల్పన ప్రాణం అక్కడే ఉంది. దాని వెనక ఒక చరిత్ర ఉంది. ఫలితాన్ని బట్టి కేటాయింపు మార్చాలన్న ఆలోచన కొత్తది కాదు, 1933లో థాంప్సన్ రాసిన వ్యాసంలోనే ఉంది. 1985లో మిషిగన్‌లో బార్ట్‌లెట్ బృందం దాన్ని శ్వాస వైఫల్యంతో చావుబతుకుల్లో ఉన్న నవజాత శిశువుల మీద వాడింది. రక్తాన్ని శరీరం బయట ఆక్సిజన్‌తో నింపి తిరిగి పంపే ఎక్మో యంత్రం మేలా, మామూలు చికిత్స మేలా అన్నది ప్రశ్న. గెలిచిన చికిత్సకు తర్వాతి రోగి వచ్చే అవకాశం పెంచుతూ పోవాలన్నది నియమం. మొదటి శిశువుకు ఎక్మో వచ్చింది, బతికింది. రెండో శిశువుకు మామూలు చికిత్స వచ్చింది, చనిపోయింది. అక్కడి నుంచి కేటాయింపు ఎక్మో వైపే పోయింది. చివరికి ఎక్మో పొందిన 11 మంది శిశువులూ బతికారు, మామూలు చికిత్స పొందింది ఆ ఒక్క శిశువే. ఇంత జరిగినా ప్రపంచం నమ్మలేదు, నమ్మడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే పోల్చడానికి అవతల ఉన్నది ఒకే ఒక్క శిశువు. హార్వర్డ్‌లో మరో ట్రయల్ చేయాల్సి వచ్చింది. అదీ చిన్నదే. చివరికి 1996లో బ్రిటన్‌లో 185 మంది శిశువులతో జరిగిన సమాన పంపకపు ట్రయల్‌తో సంగతి తేలింది: ఎక్మో వైపు 93 మందిలో 30 మరణాలు, అవతల 92 మందిలో 54.

ఎక్మో నిజంగానే మేలు చేసింది. అయినా తొందరపడి మొగ్గిన కేటాయింపు వల్ల ఆ సంగతి నిరూపించడానికి మరో పదేళ్లు పట్టింది. మొదటి నలుగురైదుగురి ఫలితాలు యాదృచ్ఛికంగా ఎటైనా పోవచ్చు, వాటిని నమ్ముకుని నిష్పత్తి మారిస్తే పోల్చడానికి అవతల ఎవరూ మిగలరు. ఈసెట్‌లో మొదటి లెక్క చూసేనాటికి ఒక్కో మందుకు సుమారు వంద మంది ఉంటారు. అప్పటికి ప్రతి మందు సాఫల్య శాతానికి ప్రామాణిక దోషం, అంటే యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాట కొలత, 5 శాతం దగ్గరికి దిగుతుంది. ఆ తర్వాత మార్చే నిష్పత్తి కూడా విజేతకే అంతా దోచిపెట్టేది కాదు. మందు మెరుగ్గా ఉన్న సంభావ్యతతో పాటు, ఆ మందుకు మరొకరిని కేటాయిస్తే కొత్తగా ఎంత సమాచారం దొరుకుతుందన్నదీ లెక్కలోకి వస్తుంది.

నిష్పత్తి మారుతోందంటే పక్షపాతం చొరబడదా అని మీరు సరిగ్గానే అడిగారు. రెండు దారుల్లో చొరబడవచ్చు. మొదటిది, డాక్టర్లకు ఏ మందు ముందంజలో ఉందో తెలిసిపోవడం. తెలిస్తే ఎవరిని చేర్చాలి, ఎవరిని వదలాలి అన్నదీ మారుతుంది, స్పందన మెరుగైందా లేదా అన్న తీర్పూ మారుతుంది. ఈసెట్‌లో దీన్ని అడ్డుకున్న తీరు నాకు ఎప్పుడు చదివినా ముచ్చటగా ఉంటుంది. లెవెటిరాసెటం మోతాదు కిలోకు 60 మిల్లీగ్రాములు, వాల్‌ప్రోయేట్ 40, ఫాస్‌ఫెనిటోయిన్ ఫెనిటోయిన్ లెక్కలో 20. మూడు వేర్వేరు మోతాదులు. వాటిని వరుసగా మిల్లీలీటరుకు 50, 33.33, 16.66 మిల్లీగ్రాముల గాఢతతో ఒకే రకం సీసాల్లో నింపారు. భాగించి చూడండి: ఏ మందైనా కిలోకు 1.2 మిల్లీలీటర్లే. పంపు మీద పెట్టే వేగం కూడా ఒకటే అవుతుంది. 75 కిలోల దగ్గర మూడింటి గరిష్ఠ మోతాదులూ వస్తాయి: 4500, 3000, 1500. నర్సుకు గానీ, డాక్టరుకు గానీ సీసాను బట్టి, పరిమాణాన్ని బట్టి, వేగాన్ని బట్టి మందు ఏదో ఊహించే వీలు లేదు. తర్వాతి రోగికి వాడాల్సిన పెట్టె ఏదో కేంద్ర కంప్యూటరు చెబుతుంది, ఆసుపత్రి వారు దాన్ని తెరుస్తారు. నిష్పత్తి మారినా అక్కడున్న వారికి కనిపించేది మరో పెట్టె మాత్రమే. మధ్యంతర లెక్కలు ట్రయల్ నడిపేవారికి కాక, విడిగా ఉండే గణాంక నిపుణులకూ భద్రతా పర్యవేక్షణ మండలికీ మాత్రమే తెలుస్తాయి.

రెండో దారి మరింత సూక్ష్మమైనది. కాలం గడిచేకొద్దీ వచ్చే రోగుల తీరు మారవచ్చు. మొదట్లో ఎక్కువగా పిల్లలు వచ్చి, తర్వాత వృద్ధులు ఎక్కువయ్యారనుకోండి, వారిలో ఏ మందైనా తక్కువగా పనిచేస్తుందనీ అనుకోండి. ఆ రెండో దశలోనే ఒక మందుకు ఎక్కువ కేటాయింపు జరిగితే, ఆ మందు అన్యాయంగా వెనకబడినట్టు కనిపిస్తుంది. ఇది ఈ పద్ధతికి నిజమైన బలహీనత. రెండు మందులే ఉన్న ట్రయల్‌లో కేటాయింపు మార్చడం వల్ల ఒరిగేది చాలాసార్లు స్వల్పమేనని, సమాన పంపకమే మేలని నేను అనుకుంటాను. మూడు, అంతకు మించి మందులున్నప్పుడే ఇది తన ఖర్చును రాబడుతుంది.

ఇప్పుడు ఆగిపోవడం గురించి. 400 దగ్గర లెక్క చూసినప్పుడు కొనసాగించి ప్రయోజనం లేదన్న నియమం వర్తించింది. ఓట్ల లెక్కింపులో ఇంకా ఎన్ని రౌండ్లు మిగిలాయి, ఆ రౌండ్లలో ఎంత మెజారిటీ వస్తే ఫలితం తారుమారవుతుంది అని చూస్తాం కదా, అలాగే మిగిలిన రోగుల ఫలితాలు ఎలా వచ్చినా విజేత తేలే దారి దాదాపు మూసుకుపోయిందని అంచనా వచ్చింది. 2019 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అంకెలు చూడండి. కొందరు రెండుసార్లు చేరడంతో 400 చేరికల్లో విడి మనుషులు 384 మంది. లెవెటిరాసెటం పొందిన 145 మందిలో 68 మందికి, ఫాస్‌ఫెనిటోయిన్ పొందిన 118 మందిలో 53 మందికి, వాల్‌ప్రోయేట్ పొందిన 121 మందిలో 56 మందికి సఫలమైంది. శాతాల్లో 47, 45, 46. అత్యుత్తమం అనే సంభావ్యత వరుసగా 0.41, 0.24, 0.35. మూడూ అచ్చం సమానమైతే తలా 0.33 రావాలి. 0.975 అనే గీతకు ఏదీ దరిదాపుల్లో లేదు.

మధ్యలో ఆపిన ట్రయల్స్ ఫలితాన్ని పెద్దది చేసి చూపిస్తాయని మీకు పాఠంలో చెప్పి ఉంటారు. అది నిజమే, కానీ గెలుపు ప్రకటించి ఆపిన వాటికి సంబంధించిన హెచ్చరిక అది. లెక్క అదృష్టవశాత్తు పైకి ఎగిసిన క్షణాన ఆపితే ఆ ఎగుడే ఫలితంగా ముద్రపడుతుంది. తేడా కనిపించక ఆపినప్పుడు అలాంటి ఉబ్బు ఉండదు. ఇక్కడ మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మూడూ సమానమని రుజువైందా? కాలేదు. లెవెటిరాసెటం, ఫాస్‌ఫెనిటోయిన్‌ల మధ్య తేడా 2 శాతం. నేను వేసుకున్న స్థూలమైన లెక్క ప్రకారం దాని చుట్టూ అనిశ్చితి ఇరువైపులా 12 శాతం ఉంటుంది. ఐదారు శాతం తేడా దాగి ఉండవచ్చు. 15 శాతం తేడా మాత్రం దాగి ఉండే అవకాశం లేదు, ఈ ట్రయల్ వెతకడానికి బయల్దేరింది ఆ పరిమాణపు తేడానే. మరో నాలుగు వందల మందిని, ఫిట్స్‌తో స్పృహ లేని మనుషులను, చేర్చుకున్నా ఈ జవాబు మారేది కాదు.

ఆ మనుషుల సంగతి మరిచిపోకూడదు. వారిలో ఎవరూ ముందుగా సంతకం పెట్టి చేరినవారు కాదు. ప్రాణాపాయ స్థితిలో సమ్మతి అడిగే వ్యవధి లేనప్పుడు, కఠినమైన షరతులతో, సమ్మతి లేకుండానే చేర్చుకోవడానికి అమెరికాలో 1996 నుంచి ఒక నిబంధన ఉంది. ముందుగా ఆ ప్రాంత ప్రజలతో సంప్రదింపులు జరపాలి, ట్రయల్ గురించి బహిరంగంగా ప్రకటించాలి. ఈసెట్ ఆ నిబంధన కిందే నడిచింది. మాట్లాడలేని స్థితిలో ఉన్నవారిని ఒక్కరినైనా అవసరానికి మించి ప్రయోగంలోకి తీసుకోకూడదన్న బాధ్యత అలాంటి చోట రెట్టింపవుతుంది. ఆపే నియమాలకు నేను ఇంత విలువ ఇవ్వడానికి కారణం అదే. ఈసెట్‌లో కేటాయింపు మార్చిన అంకం వల్ల రోగులకు ఒరిగింది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే మూడు మందులూ ఒకే తీరున పనిచేశాయి. ఆగడం వల్ల ఒరిగింది చాలా.

పిల్లల చేరిక మాత్రం ఆ తర్వాతా కొంతకాలం సాగింది. 2020లో లాన్సెట్‌లో వచ్చిన వయసుల వారీ ఫలితాల్లో మొత్తం 462 మంది ఉన్నారు, వారిలో 225 మంది పిల్లలు. పిల్లల్లో లెవెటిరాసెటం 52 శాతం, ఫాస్‌ఫెనిటోయిన్ 49, వాల్‌ప్రోయేట్ 52. మీరు పిల్లల విభాగంలో ఉన్నారు కాబట్టి ఇవి మీకు నేరుగా పనికొస్తాయి. 2019లోనే బ్రిటన్‌లో ఎక్లిప్స్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కాన్‌సెప్ట్ అనే ట్రయల్స్ పిల్లల్లో ఫెనిటోయిన్‌నూ లెవెటిరాసెటంనూ పోల్చి, లెవెటిరాసెటం మెరుగని తేల్చలేకపోయాయి. ఆ రెండూ సమాన పంపకంతో జరిగిన మామూలు ట్రయల్సే. వేర్వేరు రూపకల్పనలతో నడిచిన మూడు ట్రయల్స్ ఒకే దిక్కు చూపడం నాకు ఏ ఒక్క సంభావ్యత సంఖ్య కంటే ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

ఒక జాగ్రత్త. ఈసెట్‌లో వాడింది ఫాస్‌ఫెనిటోయిన్. మీ వార్డులో ఉన్నది ఫెనిటోయిన్ అయితే దాన్ని పెద్దవారిలో నిమిషానికి 50 మిల్లీగ్రాముల కంటే వేగంగా ఎక్కించకూడదు. 60 కిలోల మనిషికి 1200 మిల్లీగ్రాములు ఎక్కించడానికి 24 నిమిషాలు పడుతుంది, పది నిమిషాలు సరిపోవు. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే గడ్డకడుతుంది, సెలైన్‌లోనే కలపాలి. కాబట్టి ‘మూడూ ఒకటే’ అన్న మాటను ఫెనిటోయిన్‌కు యథాతథంగా అన్వయించవద్దు.

ఇక మీ థీసిస్. 90 మందిని మూడు మందులకు పంచితే తలా 30. రెండు మందుల మధ్య 25 శాతం కంటే తక్కువ తేడా ఉంటే ఆ సంఖ్యతో గుర్తుపట్టలేరు. ఈసెట్ చెప్పినదాన్ని బట్టి అంత తేడా లేనే లేదు. అందులో మళ్లీ కేటాయింపు మార్చడం మొదలుపెడితే ఒక మందుకు 15 మంది కూడా మిగలకపోవచ్చు, అప్పుడు మిషిగన్ శిశువుల కథే పునరావృతమవుతుంది. పైగా మధ్యంతర లెక్కలు మీ నుంచి దాచిపెట్టే విడి నిపుణుడు, కేంద్ర కంప్యూటరు, ఒకే రకం సీసాలు థీసిస్ స్థాయిలో మీకు దొరకవు.

నేనైతే ఏం చేస్తానో చెబుతాను. ఈసెట్‌లో చేరిన రోగులను పరిశీలించినప్పుడు బయటపడిన ముఖ్యమైన సంగతి, మొదటి బెంజోడయాజెపీన్ మోతాదు చాలామందికి సిఫార్సు కంటే తక్కువగా ఇచ్చారని. అంత పెద్ద ఆసుపత్రుల్లోనే అలా జరిగితే, మన పరిస్థితి ఎలా ఉందో ఎవరైనా కొలవాలి. మీకు వచ్చే ప్రతి పిల్లవాడి విషయంలో ఫిట్స్ మొదలైన సమయం, మొదటి మందు అందిన సమయం, ఆ మందు, మోతాదు, బరువు, రెండో మందు మొదలైన సమయం, ఫిట్స్ ఆగిన సమయం రాసిపెట్టండి. పిల్లవాడు నేరుగా వచ్చాడా, మరో ఆసుపత్రి నుంచి పంపితే వచ్చాడా అన్నదీ రాయండి. 90 మందితో ఈ ప్రశ్నకు గట్టి జవాబు వస్తుంది, పైగా దాన్ని పట్టుకుని మీ ఆసుపత్రిలో మార్పు కూడా అడగవచ్చు. మందులనే పోల్చి తీరాలని గైడ్ పట్టుబడితే, రెండు మందులు, సమాన పంపకం, ముందే రాసుకున్న ఒకే ఒక్క ప్రధాన ఫలితంతో చేయండి. ఏది చేసినా మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో రిజిస్ట్రేషన్ మొదటి రోగి చేరకముందే పూర్తి కావాలి. 2018 ఏప్రిల్ నుంచి ట్రయల్స్ విషయంలో వారు తర్వాత నమోదును అంగీకరించడం లేదు. ప్రొటోకాల్ చిత్తుప్రతి సిద్ధమయ్యాక ప్రధాన ఫలితం నిర్వచనాన్ని ఇక్కడ పెట్టండి, మిగతా వివరాల కంటే ముందు దాన్నే చూద్దాం.